పవర్ హాక్సా బ్లేడు ఊరికే విరగదు: ఏడంగుళాల మిషనులో ఎక్కడెక్కడ చూడాలి

మీరు అడిగింది ఇది: విజయవాడ ఆటోనగర్ షెడ్డులో ఏడంగుళాల పవర్ హాక్సా (ఏడంగుళాల మందం దాకా లోహాన్ని కోసే మోటారు రంపం) ఉంది. 350 ఎంఎం బ్లేడు, అంగుళానికి 10 పళ్లది. ఎక్కువగా 75 ఎంఎం ఈఎన్8 (మధ్యరకం కార్బన్ ఉక్కు) రౌండ్లు, అంటే గుండ్రటి కడ్డీలు, మధ్యమధ్యలో పాత లారీ షాఫ్టులు కోస్తున్నారు. నాలుగైదు కోతలకే బ్లేడు పోతోంది. తెగిన ముక్క మీద మూలమట్టం పెడితే 3 ఎంఎం వాలు కనిపిస్తోంది. మూడు కంపెనీల బ్లేడ్లు మార్చినా తేడా లేదు. ఇది వదిలేసి బ్యాండ్‌సా (వలయంలా తిరిగే బ్లేడున్న రంపం) కొనాలా?

మూడు కంపెనీల బ్లేడ్లూ ఒకే తీరుగా పోతున్నాయంటే తప్పు బ్లేడులో లేదు. నాలుగో కంపెనీ బ్లేడుకు డబ్బు పెట్టొద్దు. మిషనును ఒక పూట ఆపి చూస్తే కారణం దొరుకుతుంది. బ్యాండ్‌సా సంగతి చివర్లో చెబుతాను.

ముందుగా తుక్కులో పడేసిన పాత బ్లేడ్లను ఏరి బల్ల మీద వరసగా పెట్టండి. ఎక్కడ విరిగింది, ఎలా అరిగింది అనేదే సగం జవాబు చెబుతుంది.

పిన్ను రంధ్రం దగ్గర తెగిన బ్లేడ్లు ఎక్కువగా ఉంటే బ్లేడు పట్టే పిన్నులు చూడండి. చాలాకాలం నడిచిన మిషనులో పిన్ను ఒకవైపే అరిగి గాడి పడుతుంది. అప్పుడు లాగుడు బరువంతా రంధ్రం అంచులో ఒక్క చుక్క మీద పడి, అక్కడే పగులు మొదలవుతుంది. పిన్నును సగం తిప్పి బిగిస్తే కొన్నాళ్లు నడుస్తుంది. ఈఎన్8 ముక్కతో లేత్ మీద కొత్తది తిప్పుకోవడం మేలు. బ్లేడు ఆనే ముఖం మీద రజను ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. బ్లేడు చదునుగా ఆనక మెలికపడి ఉంటుంది. కొత్త బ్లేడు ఎక్కించే ముందు ఆ రెండు ముఖాలనూ గుడ్డతో తుడవడానికి పట్టేది పది సెకన్లు, కానీ ఎవరూ తుడవరు.

నడుమ అడ్డంగా రెండు ముక్కలైతే కోత మధ్యలో ఏదో కదిలిందని అర్థం. వైస్‌లో (సరుకును బిగించి పట్టే చోట) రౌండు తిరిగి ఉండాలి, లేదా తెగుతున్న ముక్క వేలాడి బ్లేడును నొక్కి ఉండాలి, లేదంటే సగంలో బ్లేడు మార్చి అదే గాడిలో కొత్తది దింపి ఉండాలి. ఈ మూడోది బాగా జరిగే పొరపాటు. అరిగిన బ్లేడు కోసిన గాడి సన్నగా ఉంటుంది. కొత్త బ్లేడు పళ్లు రెండు పక్కలకూ పూర్తిగా విచ్చుకుని ఉంటాయి కాబట్టి అది ఆ గాడిలో పట్టదు. దిగగానే బిగుసుకుని పుటుక్కుమంటుంది. సగంలో బ్లేడు పోతే రౌండును 180 డిగ్రీలు తిప్పి ఎదురు వైపు నుంచి కొత్త గాడి మొదలుపెట్టండి. రెండు గాళ్లూ కలవబోయే చోట ఒత్తిడి తగ్గించండి. ముఖం మీద చిన్న మెట్టు మిగులుతుంది, లేత్ మీద పోతుంది.

పళ్లు ఊడిపోయి ఉంటే ముతక పళ్లతో పల్చటి సరుకు కోసినట్టు, లేదా గట్టిపరిచిన ఉక్కు తగిలినట్టు. ఒక పన్ను రాలి గాడిలోనే ఉండిపోతే వెనకొచ్చే పళ్లను వరసగా అదే రాల్చేస్తుంది. అందుకే పన్ను రాలినట్టు చప్పుడు మారగానే ఆపి, ఆ ముక్కను గాడిలోంచి తీసేయాలి.

నాలుగో రకం: పళ్లన్నీ ఉన్నాయి, బ్లేడు విరగలేదు, కానీ కొసలు అద్దంలా మెరుస్తున్నాయి. మీ బ్లేడ్లు ఎక్కువ ఇలాంటివే అయి ఉంటాయని నా అంచనా. ఎందుకంటే మొండిబారిన బ్లేడే కోతను వాలుస్తుంది. కోత సాగక బ్లేడు మీద బరువు పెంచితే ఆఖరుకు విరుగుతుంది కూడా. ఈ మెరుపుకు పెద్ద కారణం వెనక్కి వచ్చేటప్పుడు బ్లేడు లేవకపోవడం.

పవర్ హాక్సా ఒక వైపు స్ట్రోకులోనే కోస్తుంది. తిరుగు స్ట్రోకులో, అంటే వెనక్కి వచ్చే కదలికలో, బ్లేడును పట్టిన ఫ్రేము కొద్దిగా లేవాలి. లేవకపోతే పళ్ల వీపు లోహం మీద రుద్దుకుంటూ వస్తుంది. కోసేటప్పుడు అరిగినంత అరుగుదల తిరుగులోనూ పడుతుంది, పనేమో సున్నా. దీన్ని పట్టుకోవడానికి కొలత పరికరాలు అక్కర్లేదు, చెవులు చాలు. బాగున్న మిషను తిప్పుకు ఒక్కసారి సర్రుమని, తర్వాత ఖాళీ ఇచ్చి, మళ్లీ సర్రుమంటుంది. రెండు వైపులా సర్రు సర్రుమంటుంటే ఫ్రేమును లేపే లిఫ్టు పనిచేయడం లేదు. టార్చి వేసి పక్కనుంచి చూడండి, తిరుగులో ఫ్రేము లేవడం కంటికి తెలియాలి.

హైడ్రాలిక్ లిఫ్టు ఉన్న మిషనైతే ముందు ఆయిలు మట్టం చూడండి. తయారీదారు వేరేది చెప్పకపోతే 46 లేదా 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిలు సరిపోతుంది. వాడేసిన ఇంజనాయిలు పోస్తే అందులోని మురికి చిన్న వాల్వు కింద చేరి అది మూసుకోదు. ఆయిలు నిండుగానే ఉండి లిఫ్టు రాకపోతే వాషరు అరిగి ఉంటుంది, లేదా గాలి చేరి ఉంటుంది. బ్లేడు రౌండుకు తగలకుండా పైన ఉంచి కొన్ని నిమిషాలు ఖాళీగా తిప్పితే గాలి చాలావరకు పోతుంది. పోకపోతే పిస్టన్ విప్పి వాషరు మార్చాల్సిందే.

ఇక్కడే చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. మూడు ఫేజుల మోటారు రివైండింగుకు వెళ్లొచ్చినా, షెడ్డులో వైరింగు మారినా రెండు వైర్లు తారుమారై మోటారు ఎదురు తిరగొచ్చు. ఫ్రేము ముందుకూ వెనక్కూ మామూలుగానే ఆడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ క్రాంక్ షాఫ్టు (ఫ్రేమును ఆడించే ఇరుసు) మీది క్యామ్ (తిరుగుతూ ఎత్తే గడ్డ) లిఫ్టును నడిపే మిషనులో ఎదురు తిరిగితే వరస తలకిందులవుతుంది. కోసే స్ట్రోకులో లేస్తుంది, తిరుగులో రుద్దుతుంది. గార్డు మీద బాణం గుర్తు చూసి సరిపోల్చండి. తప్పుగా ఉంటే మెయిన్ ఆపి, మోటారుకు వెళ్లే మూడు వైర్లలో ఏవైనా రెండింటిని అటూ ఇటూ మార్చిస్తే చాలు.

పళ్ల దిశ కూడా ఇప్పుడే చూసేయండి. చేతి రంపం నెట్టేటప్పుడు కోస్తుంది, పవర్ హాక్సాల్లో ఎక్కువ భాగం క్రాంకు వైపు లాగేటప్పుడు కోస్తాయి. అంటే పళ్ల మొన క్రాంకు వైపు ఉండాలి. నెట్టేటప్పుడు కోసే మిషన్లు కూడా ఉన్నాయి. అందుకే ఊరికే గుర్తుపెట్టుకోవడం కన్నా, ఫ్రేము ఏ స్ట్రోకులో లేస్తుందో చూసి దానికి ఎదురు స్ట్రోకు వైపు మొన పెట్టడం మంచి పద్ధతి.

బ్లేడు బిగింపు గురించి. ముందు నట్టును చేత్తో ఆగేదాకా బిగించి, తర్వాత స్పానరుతో ఒకటిన్నర నుంచి రెండు తిప్పులు. వేలితో మీటితే తీగలా ఖంగుమనాలి. దబ్‌మంటే లూజు. స్పానరుకు పైపు తొడిగి బిగించొద్దు, రంధ్రం దగ్గర తెగడానికి అదీ కారణమే. కొత్త బ్లేడు రెండు కోతలయ్యాక వేడికి సాగి కొంత లూజవుతుంది. అప్పుడు మళ్లీ పావు తిప్పు, అర తిప్పు బిగించాలి. ఈ రెండో బిగింపు ఎవరూ చేయరు. మూడో కోత నుంచే వాలు మొదలైందని మాత్రం అంటారు.

ఇక మీ 3 ఎంఎం వాలు. 75 ఎంఎం రౌండుకు అర ఎంఎం దాకా ఈ మిషను నుంచి మామూలే. 3 అంటే రెండు డిగ్రీలు దాటింది. ఇది ఎటు వాలుతోందో తెలియకుండా మిషను మీద చెయ్యి వేయొద్దు. కోసే ముందు రౌండు నెత్తిన చాక్‌పీసుతో గీత పెట్టండి. తెగాక మూలమట్టాన్ని ఆ గీత మీదుగా ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి పెట్టి చూడండి.

అడ్డంగా, అంటే ఎడమ కుడిలకు తేడా ఉంటే వైస్ కోణం తప్పింది. మూలమట్టం ఒక అంచు వైస్ కదలని దవడకు (జా), ఇంకో అంచు బ్లేడు పక్క భాగానికి ఆనించి వైస్‌ను సరిచేసి బోల్టులు బిగించండి. పళ్ల మీద ఆనించొద్దు, అవి అటూ ఇటూ విచ్చుకుని ఉండి తప్పు చూపిస్తాయి. ఎప్పుడైనా 45 డిగ్రీలకు తిప్పి కోసి, మళ్లీ కంటి అంచనాతో సున్నాకు తెచ్చిన వైస్‌లలో ఈ తప్పు తరచు ఉంటుంది.

పై నుంచి కిందికి తేడా ఉండి, ముఖం మాత్రం చదునుగా ఉంటే బ్లేడు నిటారుగా లేదు, లేదా రౌండు మిషను బెడ్డుకు సమాంతరంగా లేదు. వైస్ వెనక ఆరు మీటర్ల రౌండు స్టాండు లేకుండా వేలాడుతుంటే ఇదే వస్తుంది. 75 ఎంఎం రౌండు మీటరుకు దాదాపు 35 కిలోలు. వ్యాసాన్ని ఎంఎంలలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. ఆరు మీటర్లంటే రెండు వందల కిలోల పైమాట. ఆ బరువు బయటికి వేలాడితే వైస్ లోపలి కొస పైకి లేస్తుంది. రోలరు స్టాండు ఎత్తును మిషను బెడ్డుతో సమానంగా పెట్టాలి. అచ్చంగా భూమికి మట్టంగా ఉండాలని లేదు, బెడ్డు మీదా రౌండు మీదా మట్టం బుడగ ఒకే చోట నిలిస్తే చాలు.

ముఖం చదునుగా లేకుండా విల్లులా వంగి ఉంటే తప్పు బ్లేడు దారి తప్పడంలో ఉంది. లూజు బిగింపు, ఎక్కువ బరువు, ఒకవైపు పళ్లు అరగడం, ఫ్రేము గైడులో ఆట, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి. ఒకవైపు పళ్లు మొండిబారితే బ్లేడు పదునున్న వైపుకు పోతుంది. ఫ్రేము ముందు కొస పట్టుకుని పక్కలకు ఊపండి. టక్ టక్ మంటే గైడు గిబ్బు (ఆట తగ్గించే పట్టీ) స్క్రూలు బిగించాలి. డయల్ గేజి (సన్న కదలికను ముల్లుతో చూపేది) ఉంటే బెడ్డు మీద నిలిపి, బ్లేడు పక్కకు తాకించి, మెయిన్ ఆపి బెల్టును చేత్తో తిప్పుతూ స్ట్రోకు మొత్తం చూడండి. ముల్లు పావు ఎంఎం లోపు ఆడితే సరే. దాటితే బ్లేడు స్ట్రోకుకు సమాంతరంగా లేనట్టు.

తెగే ముక్క వైపు కూడా ఒక మాట. పొడుగు ముక్క ఆనిక లేకుండా వేలాడితే చివరి రెండు మూడు ఎంఎంలలో విరిగి పడుతూ బ్లేడును లాగేస్తుంది. ఆనిక పెట్టారు, కానీ ఎత్తు ఎక్కువైతే గాడి పైన మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. ఆనిక సరిగ్గా రౌండు అడుగుకు తగిలీ తగలనట్టు ఉండాలి. పొట్టి ముక్క వైస్‌లో పట్టాల్సి వస్తే, జా అవతలి కొసలో అదే సైజు ముక్క ఇంకొకటి పెట్టండి. లేకపోతే జా ఒరిగి ముక్క తిరుగుతుంది.

ఇప్పుడు పళ్ల లెక్క. 75 ఎంఎం రౌండుకు అంగుళానికి 10 పళ్లు సన్నం. మధ్యకు వచ్చేసరికి ఒకేసారి 30 పళ్లు లోహంలో ఉంటాయి. మిషను బరువు 30 వాటాలై ఒక్కో పన్నుకు అందేది తక్కువ. పన్ను దిగదు, రుద్దుతుంది. రజను నిలవడానికీ పళ్ల మధ్య చోటు చాలదు. 6 పళ్లదైతే 18 పళ్లే లోపలుంటాయి. ఉరామరిగా 25 ఎంఎం లోపు బోలు కాని రౌండుకు 14 పళ్లు, 25 నుంచి 50 దాకా 10, అక్కడినుంచి 6. 150 దాటితే 4, అది మీ మిషనుకు రోజూ వచ్చే పని కాదు. ఇంకో కొస హద్దు: ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహంలో ఉండాలి. 14 పళ్ల బ్లేడులో పన్నుకూ పన్నుకూ దూరం 1.8 ఎంఎం. 3 ఎంఎం గోడ పైపులో రెండు పళ్లు కూడా నిలవవు. అలాంటి పైపులకు ఈ మిషను తగదు, చాప్‌సా (అరగదీసే చక్రంతో కోసేది) వాడండి. యాంగిల్‌ను (ఎల్ ఆకారపు కడ్డీని) మాత్రం కప్పు బోర్లించినట్టు, మూల పైకి పెట్టి కోస్తే బాగానే తెగుతుంది. ఫ్లాటును (బల్లపరుపు పట్టీని) నిలబెట్టకుండా పడుకోబెట్టండి.

వేగం చూడాలంటే నిమిషానికి ఎన్ని స్ట్రోకులో గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి. మైల్డ్ స్టీలుకు 100 నుంచి 110, ఈఎన్8కు 80 నుంచి 90, స్టెయిన్‌లెస్‌కూ, అల్లాయ్ ఉక్కులైన ఈఎన్24, ఈఎన్31లకూ 60 దరిదాపు, అల్యూమినియం, ఇత్తడికి 120 దాకా పోవచ్చు. స్టెప్ పుల్లీ (వేగం మార్చే మెట్ల పుల్లీ) లేకపోతే మోటారు పుల్లీ మార్చుకోవాలి. 3 అంగుళాల పుల్లీతో 108 స్ట్రోకులు వస్తుంటే, రెండున్నర అంగుళాలదానితో 90 వస్తాయి. ఈఎన్8కు మీకు కావాల్సింది అదే.

బరువు సరిపోయిందో లేదో రజను చెబుతుంది. చుట్టలు చుట్టలుగా రాలితే సరే. పిండిలా పడితే బరువు చాలలేదు, లేదా బ్లేడు మొండిబారింది. నీలం రంగు తిరిగితే వేగం ఎక్కువ, లేదా కూలెంటు (చల్లబరిచే ద్రవం) తగలడం లేదు. కొత్త బ్లేడుకు మొదటి కోతలో సగం బరువే పెట్టండి, పదును కొసలు చిట్లవు. ఇంత చేశాక 75 ఎంఎం ఈఎన్8 ఈ సైజు మిషను మీద 12 నుంచి 16 నిమిషాల్లో తెగాలి. అంతకంటే తొందర చేయాలని ఫ్రేముకు ఇనుప ముక్కలు వేలాడదీస్తే వాలు మళ్లీ మొదటికొస్తుంది. ఆటోనగర్‌లో ఈ వేలాడదీసే పని ఎన్ని షెడ్లలో కనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

ఉత్త నీళ్లు పోస్తున్నట్టయితే మానేయండి. నీళ్లలో కలిసే కటింగ్ ఆయిలు 20 పాళ్ల నీళ్లకు 1 పాలు. 20 లీటర్ల బకెట్టుకు ఒక లీటరు. నీళ్లలో ఆయిలు పోస్తూ కలపాలి, ఆయిల్లో నీళ్లు పోస్తే పాలలా కలవకుండా తరకలు కడుతుంది. బోరు నీళ్లు ఉప్పగా, సబ్బు నురగ రాకుండా ఉంటే ఆయిలు విడిపోతుంది, మునిసిపాలిటీ కుళాయి నీళ్లు మేలు. మే నెల ఎండలకు ట్యాంకులో ఆవిరయ్యేది నీళ్లే, ఆయిలు మిగిలిపోయి చిక్కబడుతుంది. అప్పుడు తగ్గిన మేర మామూలు పాళ్లు కాకుండా 40కి 1 చొప్పున పల్చగా కలిపి నింపండి. కుళ్లు వాసన వస్తే మందులేవీ వద్దు, మొత్తం పారబోసి ట్యాంకు కడగండి. కాస్ట్ ఐరన్‌ను మాత్రం పొడిగానే కోయాలి. దాని పొడి కూలెంటుతో కలిస్తే అరగదీసే బురద అవుతుంది.

పాత లారీ షాఫ్టులు అన్నారు కదా, మీ బ్లేడ్లలో పళ్లు రాలినవి ఉంటే వాటికి జవాబు అక్కడుంది. యాక్సిల్ షాఫ్టుల పై పొరను ఇండక్షన్ హార్డెనింగుతో గట్టి చేస్తారు. బ్లేడు పళ్లు ఆ పొర మీద నిలవవు. ఏ పాత సరుకునైనా వైస్‌లో పెట్టే ముందు ఆకురాయితో ఒక్క రాపిడి ఇవ్వండి. ఆకురాయి కరిస్తే కోయండి. గాజు మీద జారినట్టు జారితే వద్దు. కమాన్ కట్ట ఆకులదీ అదే కథ. టీఎంటీ కడ్డీలకు కూడా పై వలయం గట్టిది, లోపల మెత్తన. సన్నపళ్ల బ్లేడు కొద్దిసేపు కోసి మొండిబారుతుంది. వీటన్నిటికీ అబ్రేసివ్ (అరగదీసే) చక్రమే దారి. షాఫ్టును తుక్కుగా వాడి వేరే వస్తువు చేసుకునేటట్టయితే, కోసే చోట ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి తెల్లారేదాకా చల్లారనిస్తే హాక్సాకు లొంగుతుంది. అలా కాల్చినదాన్ని మళ్లీ యాక్సిల్‌గా వాడకూడదు.

స్టెయిన్‌లెస్ 304ది ఇంకో గుణం. బ్లేడు కోయకుండా రుద్దితే ఆ చోటే గట్టిపడిపోతుంది. నెమ్మది వేగం, గట్టి బరువు, మధ్యలో ఆపకూడదు.

బెల్టు గార్డు, మోటారుకు ఎర్తు, కోత అయ్యాక ఆపే స్విచ్చు, ఈ మూడూ పనిచేస్తేనే మనిషి పక్కకు వెళ్లాలి. మిషను ఆడుతుండగా చేత్తో రజను తీయకూడదు, టేపు పెట్టి కొలవకూడదు.

బ్యాండ్‌సా మాట. ఏడంగుళాల మిషను హద్దు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి: రంధ్రం నుంచి రంధ్రానికి 350 ఎంఎం బ్లేడు, అందులో సుమారు 130 ఎంఎం స్ట్రోకుకు, ఒక 40 రెండు కొసల పట్లకు పోతాయి. మిగిలింది 180, అదే ఏడంగుళాలు. 45 డిగ్రీల కోతలో ఆ ఏడు కాస్తా ఐదవుతుంది. మీ పని అంతకు లోపు ఉండి, రోజుకు పది పదిహేను కోతలే అయితే హాక్సా చాలు. బ్లేడు విరిగితే రెండు నిమిషాల్లో ఇంకోటి ఎక్కుతుంది. బ్యాండ్ బ్లేడు విరిగితే వెల్డింగు చేసిన వలయం తెచ్చుకోవాలి. రోజంతా కోతలుండి, అందులోనూ ఖరీదైన అల్లాయ్ స్టీలు ఎక్కువగా ఉంటే బ్యాండ్‌సాకు మారండి. అది తిరుగు స్ట్రోకు లేకుండా ఆగకుండా కోస్తుంది, గాడి కూడా సన్నం. హాక్సా 1.6 ఎంఎం బ్లేడు గాడి రెండున్నర దాకా వస్తుంది, కొలతలో కోతకు 3 ఎంఎం వేసుకోవాలి. ఆరు మీటర్ల రౌండులో 100 ఎంఎం ముక్కలు 60 కాదు, 58 వస్తాయి. ఆర్డరు ఒప్పుకునేటప్పుడు ఆ రెండు ముక్కల లెక్క కూడా వేసుకోండి.